'అపాల్డ్'ను 'దిగ్భ్రాంతి' అని రాస్తే ఏం జారిపోతోంది?

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో 'షాక్డ్', 'అపాల్డ్' రెండూ మనసుకు తగిలిన దెబ్బను చెప్పే మాటలే. మొదటిది దెబ్బ తగిలిందని చెప్పి ఊరుకుంటుంది. రెండోది ఆ దెబ్బకు కారణమైన పనిని తప్పుపడుతుంది. తెలుగు వార్తల్లో రెండింటికీ 'దిగ్భ్రాంతి' అనే రాస్తుండటంతో ఆ తప్పుపట్టడం పాఠకుడిదాకా రావడం లేదు. మనవాళ్లు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఇదే తికమక రెండోవైపు నుంచి ఎదురవుతోంది.

జాతీయ రహదారిపై బస్సు బోల్తా పడి ప్రయాణికులు చనిపోతే ముఖ్యమంత్రి 'తీవ్ర దిగ్భ్రాంతి' వ్యక్తం చేస్తారు. అదే పేపర్‌లో విదేశీ వార్తల పేజీ తిప్పితే, ఎక్కడో శరణార్థుల శిబిరంపై బాంబులు పడ్డందుకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కూడా 'దిగ్భ్రాంతి' వ్యక్తం చేసి కనిపిస్తారు. ఇద్దరూ ఒకే మాట అన్నారనిపిస్తుంది. ఇంగ్లిష్ ప్రకటనలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం మాటలు వేరు. బస్సు ప్రమాదానికి వాడేది సాధారణంగా 'షాక్ అండ్ గ్రీఫ్'. అంటే అనుకోని వార్త, దాని వెంట దుఃఖం. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఆంటోనియో గుటెరస్ చేసిన ప్రకటనల్లో తరచూ కనిపించే మాట 'అపాల్డ్'. అందులో దుఃఖం ఒక్కటే కాదు, 'ఇలా చేయడం తగదు' అన్న ఆక్షేపణ కూడా ఉంది. బస్సు బోల్తా పడటం ఎవరూ కోరి చేసింది కాదు. శిబిరంపై బాంబు వేసినవాళ్లు ఉన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

దౌత్య భాషలో ఇది చిన్న తేడా కాదు. 'కన్సర్న్డ్' అంటే ఆందోళన, 'అలార్మ్డ్' అంటే అంతకంటే గట్టి హెచ్చరిక, 'అపాల్డ్' వచ్చేసరికి దాదాపు వేలెత్తి చూపినట్టే. చివరికి 'కండెమ్' అంటే నేరుగా ఖండించడం. ఏ మాట పెట్టాలన్నది కార్యాలయాల్లో కూర్చుని తూచి తూచి ఎంచుకుంటారు. డెస్కు మీద పది నిమిషాల్లో అనువాదం ముగించాల్సిన సబ్ ఎడిటర్‌కు అంత తీరిక ఉండదు. చేతికందిన మాట దిగ్భ్రాంతి.

తెల్లబోయిన ముఖం

'అపాల్డ్' పుట్టుక చూస్తే తెలుగువారికి బాగా తెలిసిన బొమ్మే కనిపిస్తుంది. పాత ఫ్రెంచ్‌లో 'అపాలిర్' అంటే వెలవెలబోవడం, రంగు పోవడం. ఇంగ్లిష్‌లో 'పేల్' అనే మాటది కూడా ఆ కుటుంబమే. మధ్యయుగపు ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఈ మాటకు అర్థం ముఖం పాలిపోవడమే. 16వ శతాబ్దం నాటికి అది భయంతోనో బెంగతోనో కుంగిపోవడంగా మారింది. తర్వాత్తర్వాత ఆ భయం వెనక్కి తగ్గి, ఏవగింపు ముందుకొచ్చింది.

తెలుగులోనూ సరిగ్గా ఈ బొమ్మ మీదే 'తెల్లబోవడం' ఉంది. కానీ తెలుగు మాట మరో దారిన పోయింది. 'లెక్కల సారు బోర్డు మీదికి పిలిచేసరికి పిల్లాడు తెల్లబోయాడు' అంటే వాడికి ఏం చేయాలో తోచలేదని. 'తెల్లముఖం వేశాడు' అంటే జవాబు తెలియలేదని. అందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. తెల్లబోయినవాడే కాస్త చిన్నబోయాడు. ఇంగ్లిష్‌లో 'అపాల్డ్' అయిన మనిషి మాత్రం ఎదుటివాడిని దోషిగా నిలబెడతాడు. రెండు భాషలూ ఒకే ముఖాన్ని చూసి చెరో అర్థం తీశాయి.

ముఖం రంగు మారడానికి శరీరంలో కారణం ఉంది. ఉన్నట్టుండి భయం, దెబ్బ తగిలినప్పుడు అడ్రినలిన్ విడుదలై చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం కండరాలవైపు మళ్లుతుంది. తెల్ల చర్మం ఉన్నవారిలో ఇది చూడగానే తెలుస్తుంది. చామనఛాయ ముఖంలో అంత సులువుగా తెలియదు. రక్తం తక్కువై పాలిపోయారేమో తేల్చడానికి డాక్టర్లు కింది కనురెప్పను లాగి లోపలి రంగు చూసేది అందుకే. అయినా తెలుగువాళ్లు తెల్లబోవడం అనే మాటను వదల్లేదు, అది వేరే విషయం.

షాక్: కొడుతుంది, ఇస్తారు, అవుతారు, లోకి వెళ్తారు

'షాక్' సంగతి ఇంకాస్త పెద్దది. ఫ్రెంచ్ 'షాక్' నుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు దాని అర్థం రెండు సైన్యాలు ఢీకొనడం. 1740ల్లో కరెంటును గాజు సీసాలో నిల్వ చేసే ప్రయోగాలు మొదలయ్యాక ఆ మాట అటు కూడా పోయింది. హాలండ్‌లోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రోక్ అనే శాస్త్రవేత్త 1746లో తన సీసాను తాకి తిన్న దెబ్బ గురించి రాస్తూ, ఫ్రాన్స్ రాజ్యం మొత్తం రాసిచ్చినా మళ్లీ దాన్ని ముట్టనన్నాడు. ఆ తర్వాత వైద్యంలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతల మధ్య మతి చెదిరిన సైనికుల పరిస్థితిని 'షెల్ షాక్' అన్నారు.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ మాట బడికంటే ముందు బావి దగ్గర పరిచయమవుతుంది. వానకు తడిసిన స్టార్టర్ డబ్బా, ఇన్సులేషన్ ఊడిన వైరు, తడి చేత్తో మోటరు ఆన్ చేయబోయిన రైతు. 'కరెంటు షాక్ కొట్టింది' అన్న వాక్యం జిల్లా ఎడిషన్లలో వానాకాలమంతా కనిపిస్తుంది. ఇక్కడ షాక్ ఒక అనుభూతి కాదు, ప్రాణం తీసే వస్తువు.

ఇలా ఒక్క మాట ఇన్ని చోట్ల తిరుగుతున్నా తెలుగులో గందరగోళం రాదు. కారణం క్రియ. కరెంటు అయితే షాక్ 'కొడుతుంది'. బస్ చార్జీలు పెంచితే ప్రయాణికులకు షాక్ 'ఇస్తారు'. బంధువు రహస్యంగా పెళ్లి చేసుకున్నాడని తెలిస్తే షాక్ 'అవుతారు'. ఆసుపత్రిలో రోగి షాక్ 'లోకి వెళ్తాడు'. అరువు మాటకు తెలుగు తన క్రియను తగిలించి నాలుగు అర్థాలనూ విడివిడిగా పెట్టుకుంది. వేరే ఊరి అల్లుడికి ఇంట్లో చోటు చూపించినంత సులువుగా ఈ పని జరిగిపోయింది.

నాలుగోది మాత్రం తరచూ ఇబ్బంది పెడుతుంది. వైద్యంలో షాక్ అంటే రక్తపోటు బాగా పడిపోయి, అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి. చర్మం చల్లబడి చెమటతో జిగటగా ఉండొచ్చు, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవచ్చు. బాగా రక్తం పోయినా, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకినా, గుండె సరిగా కొట్టుకోకపోయినా ఇది వస్తుంది. 'పేషెంట్ షాక్‌లో ఉన్నాడు' అని ఐసీయూ బయట డ్యూటీ డాక్టర్ చెప్పగానే, పల్లె నుంచి వచ్చిన కుటుంబం 'బాగా బుగులు పడ్డట్టుంది, ధైర్యం చెప్తే కోలుకుంటడు' అనుకునే అవకాశం ఉంది. అది ధైర్యంతో తగ్గేది కాదు. నిమిషాల లెక్కన చికిత్స జరగాల్సిన అత్యవసర స్థితి. 'బీపీ పడిపోయింది, ప్రాణానికి ప్రమాదం' అని చెబితే ఆ తికమక ఉండదు.

ముందు షాక్, తర్వాత అపాల్డ్

ఒకే సంఘటనలో ఈ రెండు మాటలూ ఏ క్రమంలో వస్తాయో వరంగల్‌కు తెలిసిన ఒక విషాదం చూపిస్తుంది. 2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు. గొర్రెకుంట దగ్గర గోనె సంచుల కర్మాగారం పక్కనున్న బావిలో ముందు నాలుగు, మరునాడు ఇంకో అయిదు మృతదేహాలు తేలాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది పొట్టచేత పట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలవారు. మొదట ఆత్మహత్యలేమో అన్న అనుమానం వచ్చింది. ఏం జరిగిందో, ఎవరు చేశారో తెలియని ఆ రెండు రోజుల స్థితిని ఇంగ్లిష్‌లో 'షాక్డ్', 'స్టన్డ్' అంటారు. తర్వాత దర్యాప్తులో, అంతకుముందు జరిగిన ఒక హత్య బయటపడకుండా ఉండేందుకు నిద్రమాత్రలు కలిపిన తిండి పెట్టి, స్పృహ లేనివారిని బావిలో పడేశారని తేలింది. ఆ సంగతి విన్నాక కలిగింది 'అపాల్డ్'. ఇక్కడ కొత్తగా చేరింది ఆశ్చర్యం కాదు. చేసింది మనిషే అన్న ఎరుక. అదే ఏడాది అక్టోబర్‌లో వరంగల్ కోర్టు నిందితుడికి మరణశిక్ష విధించింది.

వరద విషయంలోనూ ఈ గీత గీయవచ్చు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగి, ఇళ్లపైకి, చెట్లపైకి ఎక్కినవారిని కాపాడేందుకు హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ వానకు 'అపాల్డ్' అనరు, వానను ఎవరు తప్పుపడతారు? నగరంలో నాలాల మీద కట్టడాలు లేచి నీరు పోయే దారి మూసుకుపోతే, దానికి ఆ మాట సరిపోతుంది. ధ్వంసం తీవ్రతను చూసి కూడా ఇంగ్లిష్‌వారు 'అపాల్డ్' అంటుంటారు. అక్కడ కూడా 'మనుషులకు ఈ గతి పట్టకూడదు' అన్న తీర్పు లోపల ఉంటుంది.

మిర్చి యార్డు నుంచి ఇంకో ఉదాహరణ. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, పలుకుతుంది. ఆ రోజు ధర నిన్నటికంటే బాగా తక్కువ పలికితే, తెల్లారకముందే బస్తాలు దింపుకుని కూర్చున్న రైతుకు అది షాక్. మరో చోట, ఊళ్లో సరుకు కొనేవాడు కాంటాలోనే మోసం చేశాడని, తరుగు పేరుతో కోసిన కిలోలకు లెక్కే లేదని తెలిసిందనుకుందాం. నష్టం సొమ్ము రెండుచోట్లా ఒకటే కావచ్చు. రెండోదానికే 'అపాల్డ్' అతుకుతుంది. ధర పడటానికి దిగుమతి, ఎగుమతి, శీతల గిడ్డంగుల నిల్వ లాంటి కారణాలు వంద ఉంటాయి. కాంటా దానంతటదే తప్పు తూచదు.

కోర్టు 'దిగ్భ్రాంతి' చెందితే

అనువాదం వల్ల ఎక్కువ నష్టం జరిగేది కోర్టు వార్తల్లో. 'శిక్ష చూసి హైకోర్టు దిగ్భ్రాంతి' అన్న శీర్షిక చదివితే న్యాయమూర్తికి ఆశ్చర్యం కలిగిందనిపిస్తుంది. తీర్పులో ఉండేది చాలాసార్లు 'షాక్స్ ద కాన్షెన్స్' అన్న మాట. అది ఒక చట్టపరమైన కొలమానం.

ఒక ఉద్యోగిని చిన్న తప్పుకు కొలువు నుంచే తీసేశారనుకుందాం. ఎంత శిక్ష వేయాలన్నది యాజమాన్యం ఇష్టం కాబట్టి కోర్టులు మామూలుగా అందులో వేలు పెట్టవు. కానీ శిక్ష తప్పుతో ఏమాత్రం పొంతన లేకుండా, కోర్టు మనస్సాక్షి ఒప్పుకోలేనంత ఎక్కువగా ఉంటే జోక్యం చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 1995లో బి.సి. చతుర్వేది కేసులో చెప్పింది ఇదే. అంటే 'షాక్' అన్నమాట తీర్పులో పడిందంటే జోక్యానికి తలుపు తెరుచుకుందని అర్థం. మరణశిక్ష కేసుల్లో వినిపించే 'సమాజపు సమష్టి మనస్సాక్షి' అనే మాట 1983 నాటి మచ్చీసింగ్ తీర్పు నుంచి ప్రచారంలోకి వచ్చింది. అక్కడా క్రియ 'షాక్' కావడమే. అమెరికాలోనూ ఈ పరీక్ష ఉంది. పోలీసులు ఒక నిందితుడి కడుపులోంచి బలవంతంగా మాత్రలు కక్కించి సాక్ష్యం సంపాదించిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1952లో దాన్ని వాడింది.

ఈ వార్తలకు 'దిగ్భ్రాంతి' కంటే 'మనస్సాక్షి ఒప్పుకోనంత కఠిన శిక్ష అన్న హైకోర్టు' అని రాయడం మేలు. శీర్షిక కాస్త పెరుగుతుంది, అంతే. నిజానికి దిగ్భ్రాంతి అంటే దిక్కులు తెలియకపోవడం. దారి తప్పినవాడి స్థితి అది. తీర్పు చెప్పే న్యాయమూర్తికి దిక్కు తెలియకపోవడమేమిటి?

తెలుగులో ఆ పని చేసేది ప్రశ్న

అలాగని తెలుగుకు ఆ భావమే లేదనడం తప్పు. ఒకే మాటగా లేదు, అంతే. నివ్వెరపోవడం, అవాక్కవడం, కొయ్యబారడం, నోరెళ్లబెట్టడం, నిర్ఘాంతపోవడం... ఇవన్నీ శరీరం ఎలా ఆగిపోయిందో చెప్పేవి. వీటికి ఇంగ్లిష్‌లో జోడీలు దొరుకుతాయి. అవాక్కయినవాడు 'డంబ్‌ఫౌండెడ్'. రోమాలు నిక్కబొడుచుకున్నవాడు 'హారిఫైడ్', దాని లాటిన్ మూలానికి అర్థం అదే. 'ఆస్టానిష్' మూలంలో ఉరుము ఉంది, తెలుగులో పిడుగులాంటి వార్త ఉంది. 'అగాస్ట్' మూలం దెయ్యాన్ని చెప్పే మాటకు చుట్టమే. 1772లో కొత్త ఫ్యాషన్ మాటగా రికార్డయిన 'ఫ్లాబర్‌గాస్టెడ్' ఎక్కడ పుట్టిందో నిఘంటుకారులు ఇప్పటికీ తేల్చలేదు.

ఆక్షేపణ కావాల్సినచోట తెలుగు ప్రశ్న వేస్తుంది. 'ఇంత ఘోరమా?', 'వీళ్లు మనుషులేనా?' వరంగల్ వీధిలో అయితే 'గింత అన్యాలమా?', 'గిదేం పని?'. వీటిలో ఆశ్చర్యం, కోపం, తీర్పు మూడూ కలిసి ఉన్నాయి. 'అపాల్డ్'లో ఉన్నవి కూడా ఆ మూడే. కాబట్టి ఎవరైనా 'ఐ యామ్ అపాల్డ్' అన్నప్పుడు 'ఇంత దారుణమా అని నిలదీశారు' అనో, 'ఇది తగని పని అని ఆక్షేపించారు' అనో రాస్తే అసలు మాటకు దగ్గరగా ఉంటుంది.

అరువు వచ్చిన మాటలు అర్థం మార్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఉర్దూలో 'హైరాన్' అంటే ఆశ్చర్యపోయినవాడు. తెలుగులో 'హైరానా' పడటమంటే అలసట, తిప్పలు. పారసీకంలో చెల్లాచెదురు కావడాన్ని చెప్పిన 'పరేషాన్' తెలంగాణలో బెంగగా, కంగారుగా స్థిరపడింది. ఆగమాగం అయినోళ్లే పరేషాన్ అవుతరు గానీ, అందులో ఎవరినీ తప్పుపట్టడం ఉండదు.

'ఐ షాక్డ్' ఎందుకు తప్పు

హనుమకొండలో నయీంనగర్ వైపు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో అడుగుపెడితే ఎక్కువగా వినిపించే తప్పుల్లో ఒకటి 'ఐ షాక్డ్'. ఇది అజాగ్రత్త కాదు. దాని వెనక తెలుగు వ్యాకరణం ఉంది. 'నేను షాకయ్యాను' అన్నప్పుడు కర్త నేనే, పని నాకే జరుగుతుంది. ఇంగ్లిష్‌లో 'షాక్' సకర్మక క్రియ. షాక్ ఇచ్చేది వార్త, తినేది మనిషి. కాబట్టి 'ద న్యూస్ షాక్డ్ మీ' లేదా 'ఐ వాజ్ షాక్డ్' అనాలి. 'అయ్యాను'లోని పనిని అక్కడ 'వాజ్' చేస్తుంది. తెలుగులో ఆలోచించే విద్యార్థికి 'డ్' చేర్చగానే భూతకాలం అయిపోయిందనిపిస్తుంది, 'వాజ్' ఎగిరిపోతుంది. 'అపాల్డ్', 'సర్‌ప్రైజ్డ్', 'కన్‌ఫ్యూజ్డ్' అన్నిటికీ ఇదే సూత్రం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు కాబట్టి ఈ తికమక ఇక చిన్న తరగతుల్లోనే ఎదురవుతుంది. అక్కడే తెలుగు వాక్యంతో పోల్చి చెబితే త్వరగా పడుతుంది.

'షాకింగ్' తో ఇంకో చిక్కు. 'ఐ యామ్ షాకింగ్' అంటే 'నేను జనాన్ని బెంబేలెత్తించే మనిషిని' అని అర్థం వస్తుంది.

వ్యాకరణం సరిగ్గా ఉన్నా బరువు తప్పొచ్చు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొత్తగా చేరిన కుర్రాడు, విదేశీ క్లయింట్ పంపిన బిల్లు చూసి 'ఐ యామ్ షాక్డ్ టు సీ దిస్ బిల్' అని మెయిల్ పెట్టాడనుకుందాం. అతని మనసులో ఉన్నది 'బిల్లు చూసి షాకయ్యా' అన్న తేలికపాటి తెలుగు మాట. చదివినవాడికి అది ఫిర్యాదు. 'షాక్డ్' బదులు 'అపాల్డ్' పెట్టి ఉంటే దాదాపు మోసగాడివని అన్నట్టే. అక్కడ 'సర్‌ప్రైజ్డ్' చాలు. మంచి వార్తకు 'అపాల్డ్' అసలే పనికిరాదు. ఎప్‌సెట్‌లో అనుకోని ర్యాంకు వస్తే 'స్టన్డ్', 'అమేజ్డ్' అనొచ్చు. 'అపాల్డ్' అంటే ర్యాంకు రావడమే అన్యాయమన్నట్టు ఉంటుంది. నిఘంటువు చూసి పర్యాయపదం ఎంచుకునే అలవాటు దెబ్బతీసేది సరిగ్గా ఇలాంటి చోటే.

రాసేవారికి మిగిలిన చిన్న విషయాలు. 'అపాల్డ్' తర్వాత 'ఎట్' లేదా 'బై' వస్తుంది. ముందు 'వెరీ' పెద్దగా పెట్టరు, 'అబ్సల్యూట్లీ', 'అటర్లీ' వాడతారు. ఇప్పటికే పైమెట్టున ఉన్న మాటను ఇంకా పెంచాల్సిన పని లేదు. మూల క్రియ చివర బ్రిటిష్ పద్ధతిలో 'ఎల్' ఒకటే, అమెరికన్ పద్ధతిలో రెండు. 'అపాల్డ్', 'అపాలింగ్' రూపాల్లో మాత్రం రెండు దేశాలూ రెండేసి ఎల్‌లు రాస్తాయి. 'అపాలింగ్' ఇప్పుడు బాగా పలచబడింది. చెత్త చేతిరాతకూ, ముసురు పట్టిన వాతావరణానికీ, ఉప్పెక్కువైన కూరకూ బ్రిటన్‌లో అదే విశేషణం వాడేస్తారు. 'అపాల్డ్' మాత్రం ఇంకా అంత చవక కాలేదు.